ఏ పనీ లేని రెండు గంటలు



మనం ఒంటరిగా గడప దాటేది ఎప్పుడో ఒక్కసారి ఆలోచించి చూడండి. కూరలకో, మందులకో, పిల్లల ఫీజు కట్టడానికో, ఎవరికైనా ఒంట్లో బాగా లేదంటే పలకరించి రావడానికో. ఏ పనీ లేకుండా, ‘అదేమిటో చూసొద్దాం’ అనుకుని చివరిసారిగా ఎప్పుడు వెళ్ళారు? నాకైతే పెళ్ళయ్యాక వెళ్ళిన గుర్తే లేదు.

ఆమధ్య నాకో చిక్కు వచ్చిపడింది. రేడియో ప్రసంగం రాద్దామని కూర్చుంటే కలం కదలదు. చెప్పిందే మళ్ళీ చెబుతున్నాను. సంక్రాంతికి వేసిన ముగ్గు చూస్తే పోయినేటిదే. జాకెట్టు చేతిమీద కుట్టింది అదే మామిడిపిందె. వయసు మీదపడుతోంది, బుర్ర మొద్దుబారిందిలే అని సరిపెట్టుకున్నాను. కానీ నిజం చెప్పొద్దూ, రాత్రిళ్ళు ఆ మాట తలచుకుంటే భయం వేసేది. ఇంటిపని ఎలాగూ సాగిపోతుంది. నాదంటూ ఉన్న ఆ కాస్తా ఎండిపోతే ఇక మిగిలేదేమిటి?

జూలియా కామెరాన్ అనే అమెరికన్ రచయిత్రి రాసిన ‘ది ఆర్టిస్ట్స్ వే’ అనే పుస్తకం 1992లో వచ్చింది. అందులో ఆవిడ చెప్పే కిటుకు చాలా చిన్నది. వారానికొకసారి, ఓ రెండు గంటలపాటు, ఒక్కరే, మనసుకు ముచ్చటగా తోచిన చోటికి వెళ్ళి రమ్మంటారు. ఎంతసేపూ లోపలున్నది తోడుకుంటూ పోతే చాలదు, మళ్ళీ నింపుకోవాలి అని ఆవిడ వాదన. ఇది మనకు తెలియనిదా? తెల్లవారుజామున నిండుగా ఉన్న బావి కూడా అదేపనిగా తోడితే అడుగంటుతుంది. బావిని తిట్టుకుంటే నీళ్ళు రావు. ఊట ఊరడానికి వ్యవధి ఇవ్వాలి.

సరే, చూద్దామనుకున్నాను. ఒక గురువారం భోజనాలయ్యాక చీర మార్చుకుంటుంటే అత్తగారు, “ఎక్కడికమ్మా?” అన్నారు.

“లాడ్ బజారుకండీ.”

“గాజులు కొనాలా?”

“లేదత్తయ్యా. ఎలా చేస్తారో చూద్దామని.”

“చూసి ఏం చేస్తావు?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తప్పుచేసిన దానిలా తల వంచుకుని చెప్పులు వేసుకున్నాను.

1591లో కట్టిన చార్మినారు, దాని పడమటి పక్కన లాడ్ బజారు. హైదరాబాదులో ఉంటూ ఎన్ని పెళ్ళిళ్ళకు అక్కడ గాజులు కొన్నానో! బేరం తప్ప మరో ధ్యాస ఉండేది కాదు. ఆ రోజు లోపల కుంపటి రాజేసి ఉన్న ఒక చిన్న కొట్టు ముందు ఆగి, “కాసేపు చూడొచ్చా?” అని అడిగాను. పనిచేస్తున్న పెద్దాయన చిరునవ్వుతో స్టూలు ముందుకు జరిపాడు.

లక్క ముద్దను నిప్పులసెగకు పట్టి మెత్తబరుస్తారు. చెక్కతో దొర్లిస్తూ సన్నగా సాగదీస్తారు. గుండ్రంగా వంచి కొసలు అతికిస్తారు. తర్వాత ఆ వేడి మీదనే రాళ్ళూ, అద్దం ముక్కలూ ఒక్కొక్కటే అద్దుతారు. చల్లారితే రాయి కూర్చోదు, మరీ వేడెక్కితే వంపు చెడుతుంది. గీత గీసుకోకుండా, కొలత పెట్టుకోకుండా ఆయన వేళ్ళు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతున్నాయి. ఈ హైదరాబాదు లక్క గాజులకే 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇన్నేళ్ళు చేతికి వేసుకున్నదాన్ని ఆ రోజే మొదటిసారి చూశాననిపించింది.

రాత్రి ఇంట్లో చెబుతుంటే మా అమ్మాయి, “ఇంతకీ లక్క ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా?” అంది. తెల్లమొహం వేశాను. మరుసటి గురువారం అఫ్జల్‌గంజ్‌లోని కేంద్ర గ్రంథాలయానికి ప్రయాణం కట్టాను. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు స్రవించే జిగురే లక్కట! అది వినగానే అత్తగారు చేతిలో జపమాల పక్కన పెట్టి, “అయితే పాండవుల లక్క ఇల్లు అందుకేనన్నమాట అంత తేలిగ్గా అంటుకుంది!” అన్నారు. తర్వాత వాళ్ళమ్మ వేసుకున్న లక్కగాజుల సంగతి చెప్పారు. ఇరవై ఏళ్ళలో ఎన్నడూ విప్పని కబురు అది. ఆ రాత్రి నేను ప్రసంగం రాయడానికి కూర్చుంటే కాగితాలు చాలలేదు.

ఒక్కరే ఎందుకు వెళ్ళాలంటారా? పిల్లలు వెంట ఉంటే మన కళ్ళు వాళ్ళ చేతుల మీద ఉంటాయి. శ్రీవారు వస్తే ఆయన గడియారం మీద ఉంటాయి. పక్కింటావిడ తోడొస్తే కబుర్లతోనే సరిపోతుంది. ఒంటరిగా ఉన్నప్పుడే కన్ను తనకిష్టమైన చోట నిలుస్తుంది.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది కూడానూ. నేను పాటించే నియమాలు నాలుగే. పగటిపూటే వెళ్ళాలి, ఎక్కడికి వెళ్తున్నదీ ఇంట్లో చెప్పాలి. సంచీ, సరుకుల చీటీ తీసుకెళ్ళకూడదు. సంచీ చేతిలో ఉంటే అది బజారు పనైపోతుంది. ఒక్క ప్రశ్న మాత్రం మనసులో పెట్టుకోవాలి. తిరిగొచ్చాక ‘ఏం లాభం?’ అని లెక్క వేసుకోకూడదు. కొన్ని గురువారాలు వట్టి ఎండ, దుమ్ముతోనే గడిచాయి. ఊట ఏ రోజు ఊరుతుందో ముందే ఎవరు చెప్పగలరు?

చార్మినారుకే పోనక్కరలేదు. మీ వీధి చివర కుమ్మరి సారె ఉండొచ్చు, మొక్కలు అంటుకట్టే తోట ఉండొచ్చు, ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల గుట్టలుండొచ్చు. ఎన్నోసార్లు వాటి పక్కనుంచే నడిచిపోయాం కదూ! ఈ వారం ఒక్క పూట అక్కడ ఆగి చూడండి.

అన్నట్టు, ఈ సంక్రాంతికి నా ముగ్గు చుక్కలు పెట్టకుండా గాజులా చుట్టుకుంటూ వచ్చింది. ఒకచోట వంకర పోయింది. అత్తగారు చూసి, “బాగానే ఉందే! ఈ గురువారం ఎక్కడికి?” అన్నారు.

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)