ప్రొయ్యి వెలిగించుటకు ముందు

మామిడికుదురు ప్రాంతపు వంటయిండ్లలో ఒకప్పుడు ప్రొయ్యి రాజవేయుట కంటికి, చెవికి, ముక్కునకు చేతినిండ పని. ఎండిన కొబ్బరాకు చిటపటలాడుచు అంటుకొనును. తడి డొక్క సుయ్యిమని పొగలెగసి కంట నీరు తెప్పించును. ఏది ఎట్లు మండుచున్నదో ఇల్లాలు పెడమొగమై యున్నను కనిపెట్టెడిది. గ్యాసు వచ్చి పొగ పోయినది. కన్నులకు సుఖము కలిగినది. అంతమాత్రమున ఇంద్రియములకు పని తీరెనని తలచరాదు. పని మారినది, అంతియే.

సిలిండరులోని వాయువు ముఖ్యముగా ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమము. దానికి స్వతహాగా చెప్పదగిన వాసన లేదు. మనము ముక్కు మూసికొను ఆ దుర్గంధము ఇథైల్ మెర్కాప్టన్ అను ద్రవ్యమును బుద్ధిపూర్వకముగా కలుపుటవలన కలిగినది. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, న్యూ లండన్ అను ఊరి పాఠశాలలో వాసనలేని సహజవాయువు ఎవరికిని తెలియకుండ చేరి ప్రేలగా, సుమారు 300 మంది మరణించిరి. వారిలో పెక్కురు పిల్లలు. వాయువునకు వాసన కలుపవలెనను చట్టము అచ్చట పిమ్మట వచ్చినది. కావున ఆ కంపు మనకు కావలివాడు.

సిలిండరు వాయువు గాలికంటె బరువైనది. అది నేలబారున వ్యాపించి మూలల చేరును. గాలిలో నూటికి సుమారు 2 పాళ్లు చేరినచో నిప్పు తగిలినంతనే అంటుకొనును. అందుచే ఉదయమున మొదట తలుపులు, కిటికీలు తెరచి, క్షణకాలము నిలిచి, నేలకు వంగి వాసన చూడవలెను. రెగ్యులేటరు వద్ద సన్నని బుస వినవచ్చునేమో చెవియొగ్గవలెను. అనుమానము కలిగినచో అగ్గిపుల్ల గీయరాదు. విద్యుత్తు స్విచ్చిని వేయరాదు, ఆర్పరాదు. రెగ్యులేటరు కట్టి, అందరును బయటికి వచ్చి, 1906 సంఖ్యకు టెలిఫోను చేయవలెను.

మంట నీలముగా, నిలుకడగా నున్నచో వాయువు చక్కగా మండుచున్నదని గ్రహింపుడు. పసుపువన్నెకు తిరిగి గిన్నె అడుగు మసిబారినచో గాలి చాలలేదన్నమాట. అట్టి మంటనుండి పుట్టు కార్బన్ మోనాక్సైడు విషవాయువు. దానికి వాసనయే లేదు. అచ్చట ముక్కు పనికిరాదు, కన్నే దిక్కు.

ముక్కునకు మరికొన్ని హద్దులు కలవు. పడిసెము పట్టినచో అది మొద్దుబారును. ఒకే వాసనలో కొంతసేపున్నచో దానికి అలవాటుపడును. వాసన తగ్గినంత మాత్రమున వాయువు తగ్గెనని నమ్మరాదు.

ఇంటివెలుపలి వాయువు సంగతి ఈ ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. 2014 జూన్ 27న తెల్లవారుచుండగా మామిడికుదురు మండలము నగరము గ్రామమున, భూమిలోని గొట్టమునుండి వెలువడిన సహజవాయువు అంటుకొని 20 మందికి పైగా మరణించిరి. ఇండ్లు, కొబ్బరిచెట్లు మాడిపోయినవి. దూరప్రాంతములకు పోవు పెద్ద గొట్టములలోని వాయువునకు సాధారణముగా మెర్కాప్టన్ కలుపరు. వాని చెంత నివసించువారు నేలనుండి బుస వినబడినను, నీటిలో బుడగలు లేచినను, పచ్చిక కారణములేక మాడినను, నిప్పు ముట్టింపక దూరముగా తొలగి కబురు చేయవలెను. గొట్టమును కాపాడు బాధ్యత దానిని నడుపువారిది. ఇల్లాలి ముక్కు దానికి బదులు కానేరదు.

అయినను మన వంటయింటి మట్టుకు మొదటి కావలి మనదే. రేపు ఉదయమున అగ్గిపెట్టె చేత బట్టుటకు ముందు, ఒక్క నిమిషము ఊరక నిలువుడు. చూడుడు, వినుడు, వాసన పట్టుడు. పిమ్మట ప్రొయ్యి వెలిగింపుడు.