ఇద్దరు మోతుబరులు - రెండు వంటిళ్లు



ఒక ఊళ్లో ఇద్దరు మోతుబరులు ఉన్నారనుకుందాం. ఇద్దరికీ పడదు. ఒకరు మేడ కడితే ఇంకొకరు రెండంతస్తుల మేడ కడతారు. ఒకరు ట్రాక్టరు కొంటే ఇంకొకరు రెండు కొంటారు. ఎవరిది గొప్ప ఇల్లు అని రచ్చబండ మీద మగవాళ్లు వాదించుకుంటారు. కానీ ఆ ఇళ్లలో పనికి వెళ్లే మనిషికి అసలు సంగతి తెలుసు. ఏ ఇంట్లో పిల్లలకు పాలు అందుతున్నాయో, ఏ ఇంట్లో కోడలు ఆఖర్న మిగిలిన మెతుకులు తింటోందో ఆమెకు తెలుసు.

ప్రపంచంలో కూడా ఇలాంటి ఇద్దరు మోతుబరులు ఉండేవాళ్లు. ఒకటి అమెరికా. రెండోది సోవియట్ యూనియన్. 1945లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. అప్పటి నుంచి 1991 దాకా వీళ్ల పోటీ సాగింది. ఇద్దరూ నేరుగా కొట్టుకోలేదు. కానీ బాంబులు పోగేసుకున్నారు. అందుకే దాన్ని ప్రచ్ఛన్న యుద్ధం అన్నారు. అంటే కనపడని యుద్ధం. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ 15 దేశాలుగా విడిపోయింది. వాటిలో పెద్దది రష్యా.

ఈ ఇద్దరూ మనకు కొత్తవాళ్లేమీ కాదు. అమెరికా నుంచి వచ్చిన గోధుమలు, పాలపొడి ఒకప్పుడు మన దేశంలో చాలామంది తిన్నారు. విశాఖ ఉక్కు కర్మాగారానికి సోవియట్ సాయం అందింది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు మన పిల్లలు చదివారు.

ఈ ఇద్దరిలో ఎవరి ఇల్లు బాగున్నట్టు? ఈ పాఠంలో చూద్దాం.

దేశం సంసారం

ఏం పండించాలి? ఏం తయారు చేయాలి? ఎంతకు అమ్మాలి? ఎవరికి ఎంత రావాలి? ఈ ఏర్పాటునే ఆర్థిక వ్యవస్థ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే దేశం సంసారం.

అమెరికాలో ఫ్యాక్టరీలు, పొలాలు, దుకాణాలు ఎక్కువగా సొంతదారులవి. లాభం వచ్చే సరుకు తయారు చేస్తారు. గిరాకీని బట్టి ధర ఉంటుంది.

సోవియట్ యూనియన్‌లో ఫ్యాక్టరీలు, భూమి, దుకాణాలు ప్రభుత్వానివి. పొలాల్లో చాలావరకు సమష్టి సేద్యం. ఏ ఫ్యాక్టరీ ఎన్ని జతల చెప్పులు కుట్టాలో కూడా పైనుంచి లెక్క వచ్చేది. అయిదేళ్లకొక ప్రణాళిక. ధర ప్రభుత్వమే పెట్టేది. ఇందులో ఒక చిక్కు వచ్చింది. పైవాళ్లు జతల లెక్క అడిగితే జతల లెక్క తీరేది. ఆ చెప్పులు మన కాలికి పడతాయా, నాలుగు రోజులు ఆగుతాయా అనేది ఎవరికీ పట్టేది కాదు.

ఎక్కడ మొదలుపెట్టారు?

ఇద్దర్నీ పోల్చేముందు ఎవరు ఎక్కడ మొదలుపెట్టారో చూడాలి. రష్యా పేద దేశం. 1897 జనాభా లెక్కల్లో అక్కడ నూరుమంది ఆడవాళ్లలో 13 మందికే చదువు వచ్చు. 1917లో విప్లవం వచ్చింది. 1919లో కొత్త ప్రభుత్వం ఒక ఆజ్ఞ చేసింది. 8 ఏళ్ల నుంచి 50 ఏళ్ల దాకా అందరూ చదవడం, రాయడం నేర్చుకోవాలంది. మనలాగే వాళ్లూ పని అయ్యాక పలక పట్టారు. 1939 నాటికి చదువు వచ్చినవాళ్లు నూటికి 80 మందిని దాటారు. ఇది చిన్న సంగతి కాదు.

తర్వాత యుద్ధం వచ్చింది. సోవియట్ యూనియన్‌లో సుమారు 2 కోట్ల 70 లక్షల మంది చనిపోయారు. ఊళ్లకు ఊళ్లు కాలిపోయాయి. అమెరికాలో చనిపోయినవాళ్లు సుమారు 4 లక్షలు. ఆ గడ్డ మీద ఊళ్లు కాలలేదు.

అంత దెబ్బ తిన్నా సోవియట్ యూనియన్ లేచి నిలబడింది. 1957లో ఆకాశంలోకి మొదటి ఉపగ్రహాన్ని పంపింది. 1961లో మొదటి మనిషిని పంపింది. 1963లో మొదటి మహిళ అంతరిక్షానికి వెళ్లింది. ఆమె పేరు వాలెంతీనా తెరిష్కోవా. అంతకుముందు ఆమె బట్టల మిల్లులో కార్మికురాలు. 1969లో అమెరికా చంద్రుడి మీద మనుషుల్ని దించింది.

ఇదంతా మేడల పోటీ. ఇప్పుడు వంటింట్లోకి వెళదాం.

వంటింట్లో వాదం

1959 జులైలో మాస్కోలో అమెరికావాళ్లు ఒక ప్రదర్శన పెట్టారు. అందులో ఒక ఇల్లు కట్టి చూపించారు. వంటింట్లో బట్టలు ఉతికే మిషన్ వంటి వస్తువులు అమర్చారు. అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సన్, సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ ఆ వంటింటి దగ్గర నిలబడి వాదించుకున్నారు.

మా దేశంలో మామూలు ఉక్కు కార్మికుడు కూడా ఇలాంటి ఇల్లు కొనుక్కోగలడని నిక్సన్ చెప్పాడు. మీ దేశంలో డబ్బు లేనివాడు రోడ్డు పక్కన పడుకోవాలి, మా దేశంలో పుట్టిన ప్రతివాడికీ ఇంటి హక్కు ఉందని క్రుశ్చేవ్ జవాబిచ్చాడు.

ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఇద్దరూ కొంత దాచారు. ఇంకో సంగతి కూడా గమనించండి. వంటింటి గురించి వాదించుకున్నవాళ్లు ఇద్దరూ మగవాళ్లే. ఆడవాళ్లను అడిగి ఉంటే ఏం చెప్పేవాళ్లో?

"దొరికితే దొరకొచ్చు" సంచి

సోవియట్ యూనియన్‌లో ఇంటి అద్దె చాలా తక్కువ. రొట్టె చవక. బడికి ఫీజు లేదు. ఆసుపత్రిలో వైద్యం ఉచితం. కాన్పుకు జీతంతో సెలవు ఇచ్చేవాళ్లు. 1956 నుంచి ఆ సెలవు 112 రోజులు. ఆడవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగాలు చేసేవాళ్లు. డాక్టర్లలో సగానికి మించి ఆడవాళ్లే. ఆ రోజుల్లో అమెరికాలో డాక్టర్లలో ఆడవాళ్లు పదిమందిలో ఒకరు కూడా లేరు.

మరి కష్టం ఎక్కడ? సరుకు దగ్గర. ధర తక్కువే, కానీ బల్ల మీద సరుకు ఉండదు. మాంసం, మంచి చెప్పులు, పిల్లల బట్టలు ఎప్పుడొస్తాయో తెలీదు. అందుకని అక్కడి ఆడవాళ్లు ఎక్కడికి వెళ్లినా ఒక వల సంచి మడిచి వెంట ఉంచుకునేవాళ్లు. దాన్ని అవోస్కా అంటారు. ఆ పేరు "ఏమో, దొరికితే దొరకొచ్చు" అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది. దారిలో క్యూ కనిపిస్తే చాలు, ముందు నిలబడేవాళ్లు. ఏం అమ్ముతున్నారో తర్వాత అడిగేవాళ్లు.

ఇది మనకు అర్థం కాని కష్టం కాదు. కిరోసిన్ కోసం మా అమ్మ చౌకడిపో ముందు డబ్బా వరసలో పెట్టి పొద్దంతా కాపలా ఉండేది. కిరోసిన్ చవకే. కానీ ఆ రోజు కూలి పోయేది. ఆ పోయిన కూలి ఎవరి లెక్కలోనూ రాలేదు. సోవియట్ అక్కల సంగతీ అంతే. పగలు ఫ్యాక్టరీ, సాయంత్రం క్యూ, రాత్రి వంట. క్యూలో గడిచిన గంటల్ని ఏ ప్రణాళికలోనూ ఖర్చుగా రాయలేదు.

నిండిన దుకాణం

అమెరికాలో సరుకుకు కొదవ లేదు. 1989లో బోరిస్ యెల్త్సిన్ అనే రష్యా నాయకుడు అమెరికా వెళ్లాడు. హ్యూస్టన్ నగరంలో ఒక మామూలు కిరాణా దుకాణం చూశాడు. మాంసం, పళ్లు, కూరలు కుప్పలుగా ఉన్నాయి. క్యూ లేదు. ఆయన నివ్వెరపోయాడు. సగటు అమెరికా మనిషికి తిండి, బట్ట, ఇల్లు, కారు అన్నీ సోవియట్ మనిషికంటే ఎక్కువే.

కానీ సగటు అనే మాట దగ్గర కొంచెం ఆగాలి. ఒక ఇంట్లో పది లీటర్ల పాలు, పక్కింట్లో సున్నా. సగటు తీస్తే ఇంటికి అయిదు లీటర్లు. పక్కింటి పిల్లకు మాత్రం చుక్క పాలు లేవు.

1933లో అమెరికాలో పని కావాలనేవాళ్లలో నలుగురిలో ఒకరికి పని లేదు. నల్లవాళ్లకు దక్షిణ రాష్ట్రాల్లో బడి వేరు, బస్సులో సీటు వేరు. ఈ వివక్షను నిషేధిస్తూ చట్టం 1964లో వచ్చింది. జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చు ఇల్లు గుల్ల చేసేది. ఆ భయం అక్కడ ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కాన్పుకు జీతంతో సెలవు ఇవ్వాలనే చట్టం దేశమంతటికీ ఈనాటికీ లేదు.

అడిగే నోరు

1962 జూన్‌లో సోవియట్ ప్రభుత్వం మాంసం, వెన్న ధరలు పెంచింది. నొవొచెర్కాస్క్ అనే ఊళ్లో కార్మికులు పని ఆపి ఊరేగింపు తీశారు. సైనికులు కాల్పులు జరిపారు. ఇరవైమందికి పైగా చనిపోయారు. ఆ వార్త పేపర్లో రాలేదు. పాతికేళ్లకు పైగా దాన్ని దాచిపెట్టారు. 1970లలో పసిపిల్లల మరణాలు పెరిగాయి. ప్రభుత్వం ఆ లెక్కలు అచ్చు వేయడమే ఆపేసింది. లెక్క దాస్తే జబ్బు తగ్గదు కదా!

అమెరికాలో కూడా హక్కులు అడిగిన నల్లవాళ్లను కొట్టారు, కుక్కల్ని వదిలారు. కానీ ఆ ఫోటోలు పేపర్లలో వచ్చాయి. 1963లో రెండు లక్షల మందికి పైగా రాజధానికి వచ్చి నిలబడ్డారు. మరుసటి ఏడు చట్టం వచ్చింది. నోరు తెరిచి అడిగినందుకు కష్టం ఉంది. అయినా అడగడానికి చోటు ఉంది.

సోవియట్ యూనియన్‌లో ఆ చోటు దొరికేసరికి ఆలస్యమైంది. దేశం సంపదలో పెద్ద వాటా ఆయుధాలకు పోయింది. చివరికి దుకాణాలు ఖాళీ అయ్యాయి. 1992 జనవరిలో రష్యా ప్రభుత్వం ధరల మీద అదుపు ఎత్తేసింది. ఒక్క ఏడాదిలో ధరలు ఇరవై రెట్లకు మించి పెరిగాయి. దుకాణాల్లోకి సరుకు వచ్చింది, కొనడానికి డబ్బు లేదు. జీవితమంతా దాచుకున్న పైసలు కరిగిపోయాయి. ముసలమ్మలు ఇంట్లో సామాను తెచ్చి వీధిలో అమ్ముకున్నారు.

మనం ఎలా పోల్చాలి?

ఇప్పుడు అమెరికాకూ చైనాకూ పోటీ అని టీవీలో చెబుతున్నారు. ఎవరిది ముందు, ఎవరిది వెనక అని అంకెలు చూపిస్తున్నారు. ఆ అంకెలు చదవండి. చదవడం మనకు వచ్చు. చదివాక ఈ నాలుగు ప్రశ్నలు వేయండి.

1. మొత్తం ఎంత ఉంది?
2. అది ఎవరికి అందింది, ఎవరికి అందలేదు?
3. దానికోసం ఎవరి ఒళ్లు అలిసింది, ఎవరి పొద్దు పోయింది?
4. అందనివాళ్లు గట్టిగా అడగొచ్చా? అడిగితే ఆ మాట బయటికి వస్తుందా?

మొదటి ప్రశ్నకు జవాబు పేపర్లో ఉంటుంది. మిగతా మూడూ మనమే అడగాలి. దేశం గురించే కాదు, మన ఊరి గురించి, మన ఇంటి గురించి కూడా అడగాలి.

కేంద్రంలో మాట్లాడుకోండి

మీ ఇంట్లో నిన్న ఎవరు ఎన్ని గంటలు పని చేశారు? నీళ్లకు, వంటకు, క్యూలకు పోయిన గంటలు కూడా కలిపి పలక మీద రాయండి. రాసిన లెక్కను ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.