జీపు స్టీరింగు వణుకుతోందా?

అవనిగడ్డ: దివిసీమ కరకట్టలమీద, చేపల చెరువుల గట్లమీద తిరగడానికి కొందరు జీపులను ఎత్తు లేపిస్తారు. అవే బందరు రోడ్డెక్కి గుంటలో పడగానే ముందు చక్రాలు గడగడలాడి, స్టీరింగు చేతుల్లో నిలవదు. పక్కన కాలువ ఉంటే ప్రాణాలమీదికే వస్తుంది.

ఒక వేగం దగ్గరే సన్నగా అదిరితే టైర్లు, బ్యాలెన్సింగు చూడాలి. రిమ్ములో రేగడి మట్టి గడ్డకట్టినా చాలు. గుంటలో మొదలై, వేగం తగ్గితేగాని ఆగకపోతే బండి నిలిపి, ఒకరు స్టీరింగు తిప్పుతుంటే మరొకరు కిందనుంచి టైరాడ్ ఎండ్లు, స్ప్రింగు బుష్షులు చూడాలి. చక్రాన్ని జాకీపై లేపి ఊపితే కింగ్‌పిన్ బేరింగుల వదులు తెలుస్తుంది. అవన్నీ బాగుంటే, ఎత్తు లేపినప్పుడు ఇరుసు ఒరిగి క్యాస్టర్ కోణం తగ్గిందేమో కొలిపించాలి. స్ప్రింగుకూ ఇరుసుకూ మధ్య ఏటవాలు బిళ్ల వేసి దాన్ని సరిచేస్తారు. డ్యాంపరు బిగిస్తే వణుకు దాగుతుందేగాని జబ్బు పోదు.

దారిలో వణుకు పుడితే స్టీరింగు వదలక, మెల్లగా వేగం తగ్గించాలి.