ఓడ మారాలా, కంపెనీ మారాలా?

2022లో విశాఖ రేవుకి వచ్చిన విహారనౌక ఎంప్రెస్ గుర్తుందా? అది ఒకప్పుడు అమెరికాలోని రాయల్ కరిబియన్ కంపెనీది. ఓడలు మారినంత తేలిగ్గా ప్రయాణికులు కంపెనీ మారరు సుమా!

అక్కడ ఏటేటా ఓడెక్కేవాళ్లు మెచ్చుకునేది ఒక్కటే. వంట లేదు, గిన్నెలు తోమక్కర్లేదు, తెల్లారేసరికి కొత్త ఊరు. సణుగుళ్లూ ఉన్నాయి. భోజనం టిక్కెట్టులోనే వచ్చినా, మద్యానికీ ఇంటర్నెట్‌కీ మామూలుగా విడిగా కట్టాలి. పనివాళ్ల టిప్పు కూడా రోజుకి తలకింతని చాలా ఓడల్లో బిల్లులోనే వేసేస్తారు. ఇక రద్దీ సంగతి! 2024లో బయల్దేరిన ఐకాన్ ఆఫ్ ది సీస్‌కి 20 అంతస్తులు, నిండితే 7,600 మంది ప్రయాణికులు. ఈతకొలను పక్కన కుర్చీ దొరికితే పుణ్యమే.

మరెందుకు వదలరు? రాయల్ కరిబియన్‌లో మామూలు గదికి రాత్రికో పాయింటు. 80 చేరితే డైమండ్ హోదా, రోజూ కొన్ని పానీయాలు ఉచితం. కొత్త కంపెనీకి పోతే, పాత హోదాని గౌరవించేవాళ్లు కొందరున్నా, చాలాచోట్ల లెక్క మళ్లీ మొదటినుంచే. బడి మారిన పిల్లకి వెనక బెంచీ ఇచ్చినట్టు!

పేరు మారితే యజమాని మారినట్టూ కాదు. ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, క్యూనార్డ్ మూడూ కార్నివాల్ కార్పొరేషన్‌వే. అందుకని విసుగు జనంతో అయితే అదే కంపెనీలో చిన్న ఓడ చూసుకోవచ్చు, పాయింట్లూ పోవు. ఖర్చుతో అయితే మాత్రం టిప్పు, పానీయాలు కలిపి మొత్తం కూడాకే రెండు కంపెనీల్నీ పోల్చి చూడండి.