ఇంజనులోని మడ్డి – తగిన నూనె

మన సభ్యులలో పెక్కుమంది నేడు ఎడ్లకు బదులు ట్రాక్టరుతో దున్నుచున్నారు. ఎద్దునకు నలతగా నున్నచో నెమరు మాని మనకు తెలియజేయును. ఇంజనులోని నూనె చెడినచో పైకేమియు కానరాదు. తొలకరి పదునులో బండి ఆగిపోయిన పిమ్మటనే తెలియును. అట్టి నష్టము రాకుండ సభ్యులు గమనింపవలసిన సంగతులను వ్రాయుచున్నాము.

డీజిలు ఇంజనులో పోసిన క్రొత్త నూనె కొలది గంటలకే నల్లబడును. ఇది దోషము కాదు. నూనెలో చేర్చిన మందులు మసిని పేరుకొననీయక నూనెలోనే తేలియుండునట్లు చేయుటచే ఆ నలుపు వచ్చును. మడ్డి వేఱు. నూనె మార్చు గడువు దాటినచో మందుల శక్తి ఉడిగి, మసియు, వేడికి చెడిన నూనెయు, చెమ్మయు కలిసి తారువలె ముద్దకట్టును. ఇంజను బాగుగా వేడెక్కకమునుపే మాటిమాటికి ఆపుచుండినచో చెమ్మ ఆవిరియై పోక మడ్డి హెచ్చును. ఈ ముద్ద నూనె పంపు జల్లెడను మూసెనా, సంపులో నూనె నిండుగ నున్నను బేరింగులకు అందదు; ఇంజను పట్టివేయును.

నూనె పోయు మూతను తీసి లోపలివైపు చూడుడు. నల్లని జిగట ముద్ద అంటియున్నచో మడ్డి చేరినదని గ్రహింపవలెను. కొలత కడ్డీపై నూనె పాలవలె తెల్లగా కనబడినచో అందు నీరు కలిసినది. ఇంజను నడుపక మెకానిక్కునకు చూపవలెను.

కిరసనాయిలు గాని డీజిలు గాని నూనెలో కలిపి ఇంజను నడిపి కడుగుట కొందఱి అలవాటు. ఇది కూడదు. నూనె పలుచనై బేరింగులు అరుగును. ఒక్కపెట్టున ఊడిన ముద్దలు జల్లెడను మూయును. మడ్డి స్వల్పమైనచో ఇంజనును వేడెక్కించి ఆపి, నూనెను పూర్తిగా దింపి, ఫిల్టరు మార్చి, తగిన క్రొత్త నూనె పోయవలెను. గడువులో సగము గంటలకే నూనెను, ఫిల్టరును మరల మార్చవలెను. రెండు మూడు పర్యాయములిట్లు చేసినచో మడ్డి క్రమముగా తగ్గును. దట్టముగా నున్నచో సంపు విప్పించి, దానిని, జల్లెడను కిరసనాయిలుతో కడిగించుటయే మార్గము.

నూనె కొనునప్పుడు డబ్బాపై రెండు గుర్తులు చూడవలెను. మొదటిది చిక్కదనము. '15డబ్ల్యు-40' అనుదానిలో మొదటి అంకె చలిలోను, రెండవది వేడిలోను నూనె నడతను తెలుపును. రెండవది ఏపీఐ అక్షరములు. 'సి'తో మొదలగునవి డీజిలునకు, 'ఎస్'తో మొదలగునవి పెట్రోలునకు. 'సిహెచ్-4' తరగతి 1998లోను, 'సిఐ-4' తరగతి 2002లోను వచ్చినవి. బండితో వచ్చిన పుస్తకములో ఏది వ్రాసియున్నదో అదియే కొనుడు. చిక్కని నూనె మేలను తలంపు సరికాదు. చల్లని ఇంజనులో అది పైభాగములకు ఆలస్యముగా చేరును.

సంఘము తరఫున అద్దెకు తిరుగు ట్రాక్టరు పలువురి చేతులు మాఱును. నూనె మఱియొకరు మార్చియుందురని ప్రతివారును తలంతురు. కావున గంటల మీటరు అంకెను, తేదీని, నూనె రకమును ఒక పుస్తకములో వ్రాసి బండిలోనే యుంచవలెను. దింపిన నూనెను కాలువలో పోయక డబ్బాలో పట్టి, పాతనూనెను శుద్ధిచేయు అనుమతి గలవారికే చేర్చవలెను.