సిట్టింగుల లెక్కలో చిక్కుకున్న ఫిజియోథెరపీ

మన పట్టణాల్లో ఏ ఫిజియోథెరపీ క్లినిక్కుకు వెళ్లినా అమరిక దాదాపు ఒక్కలాగే ఉంటుంది. పరదాలు కట్టిన మంచాలు, పక్కనే నొప్పి ఉన్నచోట కరెంటు పంపే ఐఎఫ్‌టీ, అల్ట్రాసౌండ్ మెషిన్లు, నడుం లాగే ట్రాక్షన్ బల్ల, ఒక మూల కరిగించిన మైనం కనిపిస్తాయి. అక్కడికి వెళ్లేవాళ్లు ‘కరెంటు పెట్టించుకోవడానికి’ వెళ్తున్నామంటారు. డబ్బు సిట్టింగుకు ఇంత చొప్పున కడతారు. కాలంతోపాటు మారామని చెప్పుకోవడానికి యజమానులు ఎక్కువగా చూపించేది కొత్త మెషినే. లేజర్ వచ్చిందనీ షాక్‌వేవ్ వచ్చిందనీ బోర్డు మీద రాయిస్తారు. మార్పులో కొనడమే తేలిక, అప్పు పుడితే ఎవరైనా కొంటారు. ఇన్నేళ్లూ డబ్బు తెచ్చిన పనికి పెద్దగా ఫలితం లేదని తేలితే దాన్ని మానుకోగలిగారా, మానుకున్నాక కూడా క్లినిక్కు నిలబడేలా లెక్కలు తిరగరాసుకున్నారా? నాయకత్వాన్ని కొలవాల్సింది ఇక్కడే అని నా వాదన.

ఈ వృత్తికి మారడం చేతకాక కాదు. మన దేశంలో ఫిజియోథెరపీ చదువు 1953లో బొంబాయి కెఇఎం ఆసుపత్రిలో మొదలైంది. అప్పట్లో దాని అవసరాన్ని ముందుకు తెచ్చింది పోలియో. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు రాలేదు. 2014 మార్చిలో పోలియో రహితమన్న ధ్రువీకరణ కూడా వచ్చింది. వృత్తి మాత్రం మూతపడలేదు. పక్షవాతం వచ్చినవాళ్లు, మోకీలు మార్పిడి చేయించుకున్నవాళ్లు, షుగరుతో పాటు భుజం పట్టేసినవాళ్లు రావడం మొదలైంది. 2006లో ఆంధ్రప్రదేశ్‌ను చుట్టేసిన చికున్‌గున్యా ఎందరికో నెలల తరబడి కీళ్ల నొప్పులు మిగిల్చింది. ఇవన్నీ బయటి నుంచి వచ్చిపడిన మార్పులు. జబ్బే మాయమైతే పాత వైద్యం మానడానికి ధైర్యమేమీ అక్కర్లేదు. రోగి వస్తూనే ఉన్నాడు, డబ్బు ఇస్తూనే ఉన్నాడు, మానమని చెబుతున్నది పరిశోధన ఒక్కటే అయినప్పుడే అసలు చిక్కు.

నడుం నొప్పినే తీసుకుందాం. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో నడుం నొప్పికి అల్ట్రాసౌండ్, కరెంటుతో పనిచేసే టెన్స్, ఐఎఫ్‌టీ, ట్రాక్షన్ వాడొద్దని తేల్చి చెప్పింది. చేతులతో చేసే చికిత్స ఉండొచ్చు గానీ దానికి వ్యాయామం తోడుండాలంది. ఇదంతా విదేశీ వ్యవహారం, మనకు వర్తించదు అనేవారున్నారు. 2018లో లాన్సెట్ వైద్య పత్రిక నడుం నొప్పి మీద ప్రచురించిన వ్యాసాలు ధనిక దేశాలతో పాటు పేద, మధ్యాదాయ దేశాలనూ పరిశీలించాయి. అనవసరమైన చికిత్సలు రెండు చోట్లా ఉన్నాయనీ, రోగికి విషయం వివరించి, కదులుతూ ఉండమని చెప్పడమే ముందు చేయాల్సిన పని అనీ అవి చెప్పాయి.

అయితే మార్గదర్శకం చదివినంత మాత్రాన క్లినిక్కు మారిపోదు. దీనికి ఒకే పద్ధతి మీద రెండు దేశాల్లో జరిగిన ప్రయోగాలు మంచి రుజువు. ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయం తొమ్మిది ప్రశ్నల చిన్న పత్రం తయారుచేసింది. నడుం నొప్పితో వచ్చినవాళ్లను, అది దీర్ఘకాలం వేధించే ప్రమాదం ఎంత ఉందన్నదాన్ని బట్టి, ఆ పత్రంతో మూడు రకాలుగా విడదీస్తారు. ప్రమాదం తక్కువున్నవాళ్లను ఒక్కసారి వివరంగా చూసి, సలహా ఇచ్చి పంపేస్తారు. 851 మందితో జరిగిన ఈ ప్రయోగం ఫలితాలు 2011లో వచ్చాయి. మామూలు పద్ధతి కంటే రోగుల ఇబ్బంది తగ్గింది, ఖర్చూ తగ్గింది. తర్వాత అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ప్రాథమిక వైద్య క్లినిక్కులు ఇదే పత్రాన్ని తెచ్చుకున్నాయి, సిబ్బందికి శిక్షణ కూడా ఇచ్చాయి. 2018లో వెలువడిన ఫలితాల్లో రోగులకు తేడా ఏమీ కనిపించలేదు. పత్రాన్ని దాదాపు సగం మందికే వాడారు, చికిత్స పాత దారిలోనే సాగింది. పత్రం ఒకటే అయినా దాని చుట్టూ పని తీరు మారలేదు. దాన్ని మార్చాల్సింది క్లినిక్కు నడిపేవాళ్లు, అందుకే ఈ రెండో ప్రయోగం నాకు మొదటిదానికంటే విలువైనదిగా తోస్తుంది.

పని తీరును మార్చి చూపినవాళ్లూ ఉన్నారు. డెన్మార్క్‌లో 2013లో గ్లాడ్ అనే కార్యక్రమం మొదలైంది. మోకాలు, తుంటి కీళ్లు అరిగినవాళ్లకు రెండు తరగతుల్లో జబ్బు గురించి వివరించి, ఆపైన పన్నెండు సార్లు దగ్గరుండి వ్యాయామం చేయిస్తారు. ఫిజియోలకు రెండు రోజుల శిక్షణ ఇస్తారు. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి రోగి నొప్పి, నడక వేగం మొదట్లోనూ మూడు నెలలకూ కొలుస్తారు, ఏడాదికి మళ్లీ ఎలా ఉన్నారో కనుక్కుంటారు. ఆ వివరాలన్నీ ఒకే చోట నమోదవుతాయి. ఇందులో ఖరీదైన యంత్రమేదీ లేదు. కెనడా, ఆస్ట్రేలియా, చైనా దీన్ని తీసుకున్నాయి. మనం తెచ్చుకుంటే ఉన్నదున్నట్టు తేనక్కర్లేదు. కుర్చీలోంచి లేవడంతో పాటు నేల మీద కూర్చుని లేవగలుగుతున్నారా, మెట్లు ఎక్కగలుగుతున్నారా అన్నదీ కొలవాలి. పీట మీద కూర్చుని వంట చేసుకోవాల్సిన ఆమెకు కావాల్సిన కొలత అదే.

రోగులే మెషిన్ అడుగుతారు, పెట్టకపోతే పక్క క్లినిక్కుకు పోతారు అన్న అభ్యంతరం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. వ్యాయామం చెప్పి డబ్బు తీసుకుంటే ‘ఏం చేశారని?’ అని అడిగేవాళ్లు నిజంగానే ఉంటారు. ఆ అలవాటు చేసింది మాత్రం క్లినిక్కులే. మెషిన్ పెట్టినంతసేపూ ఫిజియో మరో మంచం దగ్గర ఉండొచ్చు, వ్యాయామం చేయించాలంటే పక్కనే ఉండాలి, ఇది యజమానికి తెలిసిన లెక్క. దీనికి విరుగుడు గుంపు వ్యాయామంలో ఉంది. ఒకే రకం ఇబ్బంది ఉన్న ఐదారుగురిని ఒకే వేళకు పిలిస్తే ఒక్క ఫిజియో అందర్నీ చూడగలరు. రుసుమును సిట్టింగుకు కాక మొత్తం కార్యక్రమానికి ఇంత అని ముందే చెప్పొచ్చు. అప్పుడు రోగి త్వరగా కోలుకుంటే క్లినిక్కుకు నష్టం ఉండదు. ఆదాయం మొదట కొన్నాళ్లు తగ్గొచ్చు, ఆ కొన్నాళ్లు తట్టుకునే ఏర్పాటు లేకుండా దిగమని ఎవరికీ చెప్పలేం.

కూలి పోగొట్టుకుని రోజూ రాలేనివాళ్ల సంగతి వేరు. వాళ్లకు ఫోనే ఒక దారి. 2020 లాక్‌డౌన్‌లో గత్యంతరం లేక ఫోను తెర మీద చూసి చెప్పడం మొదలైంది. ఆ ఏడాది మార్చిలో కేంద్రం తెచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు నమోదైన వైద్యులకే వర్తించేవి, ఫిజియోలు తమ దారి తామే వెతుక్కున్నారు. ఆ అలవాటును తాత్కాలికమని వదిలేసినవాళ్లు తొందరపడ్డారు. ఆస్ట్రేలియాలో దీర్ఘకాలిక మోకాలి నొప్పి ఉన్న 394 మంది మీద జరిగిన పరిశోధన 2024లో లాన్సెట్‌లో వచ్చింది. వీడియోలో చూస్తే, ఎదురుగా చూసినదానికంటే నొప్పి తగ్గడంలోనూ కదలికలోనూ ఫలితం తీసిపోలేదు. పక్షవాతం వచ్చి పక్కకు తిరగలేని మనిషికి ఇది పనికిరాదు, ఆయన దగ్గరికి ఇంటికే వెళ్లాలి. ఎవరికి ఏది అన్నది రోగిని చూసి తేల్చుకోవాలి.

క్లినిక్కులో రోగితో ఎక్కువసేపు ఉండేది కొత్తగా చదువు ముగించుకుని వచ్చిన కుర్రాళ్లు. నెలాఖరుకు ఎన్ని సిట్టింగులు చేశావని వాళ్లను అడిగితే వాళ్లు సిట్టింగులే చేస్తారు. ‘ఈయన ఇక రానక్కర్లేదు సార్’ అనగల చనువు వాళ్లకు ఉండాలంటే, నష్టం తెచ్చావన్న చూపు యజమాని నుంచి రాకూడదు. ఎంత మంది సొంతంగా మెట్లెక్కారని అడిగితే లెక్క వేరేగా ఉంటుంది.

చివరి సాకు ఆర్థో డాక్టరు చీటీ. ఐఎఫ్‌టీ పది రోజులని ఆయనే రాశాడు, మేమేం చేస్తామంటారు. 2021లో వచ్చిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఫిజియోథెరపిస్టు స్వతంత్రంగా గానీ బృందంలో భాగంగా గానీ పనిచేయవచ్చని చెబుతోంది. పరీక్షించి చికిత్స ఇవ్వడం ఆ వృత్తి నిర్వచనంలోనే ఉంది. కాబట్టి చీటీని కాదనే వీలుంది, కాదని ఊరుకుంటే మాత్రం ఆ డాక్టరు మరో రోగిని పంపడు. ఏం మార్చి చేశారో, మూడు నెలలకు ఆ మనిషి ఎంత దూరం నడుస్తున్నాడో ఒక పేజీలో రాసి ఆయనకు పంపాలి. అలాంటి పేజీలు పది చేరాక, ఆయన రాసే చీటీ మీద మెషిన్ పేరు బదులు ‘చూసి చేయండి’ అని ఉండొచ్చు.