ఇసుకను కట్టివేసే పూలతీగలు

మొక్క బతకడానికి సముద్రతీరపు ఇసుకనేల కంటే కఠినమైన చోటు అరుదు. మధ్యాహ్నానికి అది నిప్పులా కాలుతుంది. కురిసిన వాన నిలువక ఇంకిపోతుంది. అలల తుంపరలోని ఉప్పు ఆకులను మాడ్చుతుంది. గాలి వీచినప్పుడల్లా ఇసుక కదలి వేళ్ళను బయటపెట్టడమో, మొక్కను నిలువునా పూడ్చడమో జరుగుతుంది. అయినా శ్రీకాకుళం జిల్లా బారువ మొదలు భీమునిపట్నం, ఇంకా దక్షిణంగా ఆంధ్రతీరం పొడవునా ఉదయపు వేళ ఇసుకపై ఊదారంగు పూలు పరచుకొని కనిపిస్తాయి. అది బాలబంది తీగ.

ఆకు కొన చీలి మేకగిట్టను పోలి ఉంటుంది. 1753లో లిన్నేయస్ పండితుడు ఈ తీగకు ‘మేకపాదం’ అనే అర్థమిచ్చే లాటిన్ పేరు పెట్టడానికి కారణం ఇదే. ఉదయం విచ్చిన పువ్వు ఆ పగటిలోనే వాడిపోతుంది. మరునాటికి కొత్తవి సిద్ధం. తీగ ఎన్నో మీటర్లు పాకుతూ కణుపు కణుపునా వేళ్ళు దించుతుంది. దీని గింజలు ఉప్పునీటిలో నెలల తరబడి తేలినా మొలకెత్తే శక్తిని కోల్పోవు. అందుకే ఆంధ్రతీరపు ఈ తీగ ఆఫ్రికా, ఆస్ట్రేలియా, బ్రెజిల్ తీరాలలోనూ కనిపిస్తుంది.

దీనికి తోడుగా ఉండే గడ్డిని ప్రజలు రావణాసురుని మీసాలు అంటారు. సూదులవంటి ఆకులు గల ఈ గడ్డిలో ఆడ, మగ మొక్కలు వేరు. ఆడమొక్క బంతివంటి విత్తన గుత్తి గాలికి దొర్లుతూ పోయి కొత్తచోట మొలుస్తుంది. తమ్మకాయ జాతికి చెందిన గులాబీరంగు పూల తీగ మరొకటి. దాని వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి నిస్సారమైన ఇసుకకు సారమిస్తాయి.

వీటి వెనుక వరుసలో మొగలి పొదలు పెరుగుతాయి. పరిమళమంతా మగపొదల పూలదే. ఆంధ్ర సరిహద్దునున్న ఒడిశాలోని గంజాం జిల్లాలో ఈ పూలను బట్టీపట్టి అత్తరు తీస్తారు. భిలాయి ఉక్కునగరంలోని పవర్ హౌస్ వంటి, సముద్రం కానరాని చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సైతం ఈ తీరపు పరిమళం ‘కేవ్డా’ పేరుతో పరిచితమే.

అయితే ఈ మొక్కల అసలు ఘనత పూలలో లేదు. తీగలకు, గడ్డికి తగిలి గాలి వేగం తగ్గగానే అది మోసుకువచ్చిన ఇసుక అక్కడే రాలుతుంది. పూడిన మొక్క మళ్ళీ పైకి లేస్తుంది. దానిపై మళ్ళీ ఇసుక చేరుతుంది. ఇలా ఏళ్ళ తరబడి దిబ్బ పెరుగుతుంది. తుపాను వేళ అలలు దిబ్బను కోసినా, ఆ ఇసుకే తీరానికి ఆసరా అవుతుంది. తరువాత మొక్కలు దిబ్బను తిరిగి కడతాయి. దిబ్బలలో ఇంకిన వాననీరు అడుగునున్న ఉప్పునీటిపై తేలుతూ నిలుస్తుంది. కడలి చెంతనే తవ్విన చెలమలో తియ్యని నీరు ఊరడంలోని రహస్యమిదే.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొన్నది. అంతటి ఉప్పెనను ఏ తీగా ఆపలేదు. కాని ఎత్తయిన దిబ్బ అలల ఉధృతిని తగ్గించగలదు. తీరరక్షణకు నాటే సరుగుడు తోటలు గాలిని అడ్డుకొంటాయి. అయితే అలల అంచున ఇసుకను పట్టి నిలిపే పని తీగలదీ గడ్డిదీ.

తీరప్రాంత నియంత్రణకై 1991లో కేంద్రప్రభుత్వం జారీచేసిన ప్రకటన, సుందరీకరణ పేరిట ఇసుకదిబ్బల రూపు మార్చరాదని నిషేధించింది. ఐనా శుభ్రత పేరుతో తీగలను పెరికివేయడం, ఇసుకను తరలించడం, దిబ్బలపై వాహనాలు నడపడం తీరానికి ముప్పుగానే ఉన్నాయి. పెరకడం ఒక పూట పని. దిబ్బ తిరిగి లేవడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా తుపాను వస్తే, తీరగ్రామానికి, కడలికి నడుమ అడ్డు ఉండదు.